సాక్సుల జాలి సంచి, రింగు క్లిప్పు, హ్యాంగరు: ఏది కొనాలి, ఏది వద్దు

సాక్సులు ఉతకడానికి అమ్మే జాలి సంచి మీద సాధారణంగా రెండు హామీలు ఉంటాయి: సాక్సు పోదు, సాక్సు పాడవదు. మొదటిది నమ్మొచ్చు. రెండోది సగం వరకే. మెషిన్‌లో సాక్సు పోయేది దానికి ఎక్కడో ఒక సందు దొరకడం వల్ల. ఆ సందును సంచి మూసేస్తుంది. సాక్సు కురచైపోయేది వేడి వల్ల, కుదుపు వల్ల. కుదుపును సంచి కొంత తగ్గిస్తుంది, వేడిని మాత్రం ఒక్క డిగ్రీ కూడా తగ్గించలేదు. 60 డిగ్రీల నీళ్ళలో తిరిగిన ఉన్ని సాక్సు సంచిలో ఉన్నా పిల్లాడి సాక్సంత అయ్యే బయటికొస్తుంది. ఈ తేడా తెలియక, సంచి కొని పాత వేడినీళ్ళ ప్రోగ్రామే పెట్టి, చివరికి సంచి పనికిరాదని తేల్చేవాళ్ళు చాలామంది.

సంచితోపాటు ఇక్కడ ఇంకో మూడు వస్తువులు కూడా చూస్తున్నాం: జతను కలిపి పట్టే రింగు క్లిప్పు, ఆరేసే క్లిప్పుల హ్యాంగరు, పాదం ఆకారంలో ఉండే చట్రం. ఎక్కువ మాటలు సంచి గురించే, ఎక్కువ తప్పులు జరిగేదీ దాని దగ్గరే.

సాక్సు ఎక్కడికి పోతుంది

ఫ్రంట్ లోడ్ మెషిన్ తలుపు తీసి, చుట్టూ ఉన్న మెత్తటి రబ్బరు కింది మడతను వేళ్ళతో విప్పి చూడండి. గడియారంలో 6 అంకె ఉండే చోట ఆ మడత చిన్న కాలువలా ఉంటుంది. డ్రమ్ము తిరుగుతున్నప్పుడు ముందుకు జారిన పలుచటి సాక్సు అందులోకి దిగి, స్పిన్‌లో అక్కడే అతుక్కుపోతుంది. కనిపించని సాక్సు కోసం మొదట వెతకాల్సిన చోటు ఇదే.

అక్కడ దొరికితే మంచిదే. దొరక్కపోతే ఆ వెనకాల ఇంకో సందు ఉంది. తిరిగే స్టీలు డ్రమ్ము అంచుకూ కదలని రబ్బరుకూ మధ్య ఖాళీ కొన్ని మిల్లీమీటర్లే. అయినా పసిపిల్లల సాక్సు, చీలమండ దాటని పొట్టి సాక్సు, పలుచటి నైలాన్ సాక్సు అందులోంచి జారి బయటి టబ్బులో పడతాయి. మెషిన్ నిండా బట్టలు కుక్కితే అవి ముందుకు తోసుకొచ్చి ఈ పనిని ఇంకా సులువు చేస్తాయి. టబ్బులో పడిన సాక్సు మరీ చిన్నదైతే నీళ్ళతోపాటు పంపు ఫిల్టర్ దాకా వస్తుంది. కాస్త పెద్దదైతే టబ్బు అడుగున, నీళ్ళు వేడిచేసే రాడ్డు దగ్గర చిక్కుకుంటుంది. నీళ్ళు నెమ్మదిగా బయటికి పోవడం, స్పిన్‌లో ఏదో రాసుకుంటున్న చప్పుడు, తలుపు తీయగానే ముక్కిన వాసన, ఈ మూడూ కలిసి వస్తే టబ్బులో బట్ట ఉండిపోయిందేమోనని అనుమానించాలి. దాన్ని తీయడం మెకానిక్ పని. చాలా మెషిన్లలో హీటరు విప్పి, ఆ రంధ్రంలోంచే లాగుతారు.

ఫిల్టర్ మాత్రం ఎవరికి వాళ్ళే చూసుకోవచ్చు. ప్లగ్గు తీసేయండి. వేడినీళ్ళ ప్రోగ్రాం నడిచి ఉంటే నీళ్ళు చల్లారనివ్వండి. ముందువైపు కింద ఉన్న చిన్న మూత తెరిచి, లోతు తక్కువ పళ్ళెం ఒకటి పెట్టండి. పక్కన సన్నటి గొట్టం ఉంటే ముందు దాని బిరడా తీసి నీళ్ళు వదలాలి. గొట్టం లేకపోతే ఫిల్టర్‌ను ఎడమకు కొంచెం కొంచెంగా తిప్పుతూ, పళ్ళెం నిండగానే బిగిస్తూ, పారబోసి మళ్ళీ వదులు చేస్తూ పోవాలి. ఒక్కసారిగా విప్పేస్తే నేలంతా నీళ్ళే. ఫిల్టర్ బయటికి వచ్చాక లోపల చిన్న రెక్కల చక్రం కనిపిస్తుంది. వేలితో తిప్పితే అది ఆగి ఆగి తిరుగుతుంది, అది మామూలే. అస్సలు కదలకపోతే దానికి దారమో సాక్సో చుట్టుకుందని అర్థం.

టాప్ లోడ్‌లో సందు పైన ఉంటుంది. బట్టలు డ్రమ్ము అంచుదాకా నింపితే, నీళ్ళు ఊగినప్పుడు పైన తేలే సాక్సు అంచు దాటి అవతలికి పడుతుంది. ముప్పాతిక వంతుకు మించి నింపకపోతే ఈ బాధ ఉండదు. అడుగున తిరిగే పళ్ళెం కిందికి కూడా చిన్న సాక్సులు దూరుతుంటాయి. సెమీ ఆటోమేటిక్‌లో చిక్కంతా పిండే తొట్టి దగ్గరే. బట్టల మీద పెట్టాల్సిన గుండ్రటి ప్లాస్టిక్ జాలి మూత పెట్టకుండా తిప్పితే పైనున్న సాక్సు ఎగిరి తొట్టికీ గోడకూ మధ్య పడుతుంది. ఆ మూత పోయి ఉంటే ముందు అది కొనండి, సంచి సంగతి తర్వాత.

ఇవేవీ కాకుండా, పోయిందనుకున్న సాక్సు చాలాసార్లు ఇంకో బట్టలోనే ఉంటుంది: దిండు గలీబు మూలలో, లాస్టిక్ దుప్పటి మడతలో, ప్యాంటు కాలులో, చొక్కా చేతిలో. దుప్పట్లతో కలిపి సాక్సులు వేయకపోతే సగం వెతుకులాట తప్పుతుంది.

సంచి కొనేటప్పుడు

ముందు రంధ్రాలు చూడాలి. సంచుల్లో రెండు రకాలుంటాయి. ఒకటి దోమతెరలా సన్నటి జాలి, రెండోది తేనెపట్టులా కాస్త పెద్ద రంధ్రాలది. పెద్ద రంధ్రాల్లోంచి నీళ్ళు, సబ్బు బాగా ఆడతాయి, మురికి కూడా త్వరగా బయటికి పోతుంది. మందపాటి కాటన్ సాక్సులకు ఇదే మేలు. కానీ పలుచటి సాక్సు వేళ్ళ కొస ఆ రంధ్రంలోంచి బయటికి పొడుచుకొచ్చి, డ్రమ్ముకు రాసుకుని, కుట్టు దగ్గర నూగు లేస్తుంది. నైలాన్, ఉన్ని, డిజైన్ అల్లికలకు సన్నటి జాలే ఉండాలి. అగ్గిపుల్ల తల సులువుగా దూరితే కాటన్‌ది, దూరకపోతే సున్నితమైన వాటిది. కొట్లో తేల్చుకోవడానికి ఈ గుర్తు చాలు.

తర్వాత జిప్పు. సంచి ఫెయిలయ్యేది ఎక్కువగా ఇక్కడే. స్పిన్‌లో రన్నర్ మెల్లగా వెనక్కి జరిగి, రెండంగుళాల సందు తెరుచుకుంటుంది, సాక్సులన్నీ బయట పడతాయి. అందుకే జిప్పు చివర రన్నర్ దూరి దాక్కునేలా లాస్టిక్ జేబులాంటి చిన్న తొడుగు కుట్టి ఉండాలి. అది ఉంటే రన్నర్ కదలదు, ఇతర బట్టలకు గీసుకోదు, డ్రమ్ముకు టకటకా కొట్టుకోదు. తొడుగు లేని సంచి ఇప్పటికే ఇంట్లో ఉంటే, రన్నర్ రంధ్రంలోంచి చిన్న రబ్బరు బ్యాండు దూర్చి జిప్పు చివరున్న గుడ్డకు ముడేయండి. పిన్నీసు పెట్టకండి, తుప్పు మరక పడుతుంది. రన్నర్ కూడా ప్లాస్టిక్‌దో తుప్పు పట్టని లోహందో అయ్యుండాలి.

సంచిని తిరగేసి లోపలి కుట్లు చూడండి. జాలి అంచులు బయటికి కనిపించకుండా పట్టీ వేసి కుట్టి ఉంటే చాలాకాలం ఆగుతుంది. కత్తిరించిన అంచు అలాగే వదిలేసిన సంచి కొన్ని ఉతుకుల్లోనే దారాలు వదలడం మొదలుపెడుతుంది. ఆ దారాలు చివరికి చేరేది పంపు ఫిల్టర్‌లోకే.

తాడు లాగి మూతి బిగించే రకం సంచులు మేము సిఫారసు చేయం. ముడి వదులవుతుంది, తాడు తక్కిన బట్టలకు చుట్టుకుంటుంది, బిగించే బొత్తం విరుగుతుంది. జిప్పు సంచితో పోలిస్తే దానికున్న మేలు ఒక్కటీ లేదు.

సైజు విషయంలో చాలామంది పెద్దది కొంటే అన్నీ ఒకేసారి పడతాయనుకుంటారు. అది తప్పు. 50 సెంటీమీటర్లకు మించిన సంచిలో తడిసిన సాక్సులన్నీ ఒక మూలకు చేరి బరువైన ముద్దవుతాయి. ఆ ముద్ద ఒకవైపే ఉండడంతో మెషిన్ స్పిన్ మొదలుపెట్టడం, ఊగడం, ఆపేసి మళ్ళీ సర్దుకోవడం, ఇలా పదేపదే చేస్తుంది. చివరికి పిండకుండానే వదిలేసే మెషిన్లూ ఉన్నాయి. సుమారు 30, 40 సెంటీమీటర్ల సంచులు రెండు ఉంటే ఒకటి డ్రమ్ములో ఇటు, ఒకటి అటు పడి బరువు సరిపోతుంది. తెల్లవి ఒకదాంట్లో, రంగువి ఒకదాంట్లో వేసే వీలూ కలుగుతుంది. అయితే సంచి రంగును ఆపదని గుర్తుంచుకోవాలి. రంగు దిగే సాక్సు సంచిలో ఉన్నా, అదే నీళ్ళలో ఉన్న తెల్ల సాక్సుకు అంటుకుంటుంది.

వాడే తీరు

సంచిలో సగానికి మించి నింపకూడదు. 30, 40 సైజు సంచిలో పొట్టి కాటన్ సాక్సులైతే 6 నుంచి 8 జతలు, మందపాటి ఆటల సాక్సులైతే 3, 4 జతలు చాలు. జిప్పు వేశాక సంచిని పట్టుకుని ఊపండి. లోపలివి ధారాళంగా అటూ ఇటూ దొర్లాలి. దిండులా గట్టిగా ఉంటే మధ్యలో ఉన్న సాక్సుకు సబ్బు నీళ్ళు సరిగా అందవు, అందినవి పూర్తిగా జాడవు. ఉతికినా వాసన పోలేదన్న ఫిర్యాదుకు, ఆరాక తెల్లటి పొడి మచ్చలు కనిపించడానికి కారణం ఎక్కువగా ఇదే. పౌడరు బదులు లిక్విడ్ వాడితే మచ్చల బాధ ఇంకా తగ్గుతుంది.

వేసేముందు ఉండచుట్టిన జతలన్నీ విప్పాలి. ఒకదాన్లో ఒకటి దూర్చి మడిచిన సాక్సులు పోవన్నది నిజమే, కానీ లోపలి మడత శుభ్రపడదు, ఆరదు, పైనున్న లాస్టిక్ పట్టీ సాగిపోతుంది.

తిరగేయాలా వద్దా? చెమట, చర్మపు పొట్టు, వాసన పుట్టించే బ్యాక్టీరియా ఉండేది లోపలివైపే కాబట్టి బూట్లలో తొడిగే సాక్సులను తిరగేసి ఉతకడమే సరైనది. పైవైపు నూగు లేవకుండా, ఉండలు కట్టకుండా కూడా ఉంటుంది. కానీ బూట్లు లేకుండా నేలమీద నడిచిన సాక్సుకు మురికంతా అరికాలి బయటివైపు ఉంటుంది. దాన్ని తిరగేయకుండా, అరికాలి దగ్గర తడిపి సబ్బుతో వేళ్ళతో రుద్ది, 15 నిమిషాలు ఆగి సంచిలో వేయాలి. సంచి వల్ల రాపిడి తగ్గుతుంది కాబట్టి గట్టి మురికి మెషిన్‌లో దానంతటదే పోతుందనుకోకండి. రాపిడి తగ్గడం సాక్సుకు మేలు, మురికికీ మేలే.

సంచిని ఒంటరిగా మెషిన్‌లో వేయకండి. చొక్కాలు, టీషర్టుల్లాంటి తేలిక బట్టలు తోడుండాలి. జీన్సు, తువ్వాళ్ళు వద్దు. వాటి బరువు కింద సంచి నలుగుతుంది, తువ్వాళ్ళ నూగు నల్ల సాక్సులకు పడుతుంది.

ఫ్యాబ్రిక్ కండిషనర్ సాక్సులకు అక్కర్లేదు. అది దారాల మీద పలుచటి పొరలా పేరుకుని చెమట పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది. క్లోరిన్ బ్లీచ్ ఇంకా హానికరం. సాక్సు కాలికి పట్టి ఉండేలా చేసే సాగే దారాన్ని అది తినేస్తుంది, ఉన్నిని, నైలాన్‌ను పాడుచేస్తుంది. ప్రోగ్రాం అయిపోగానే సంచి బయటికి తీసి జిప్పు తెరవాలి. తడి సాక్సులు మూసిన సంచిలో గంటలకొద్దీ ఉంటే ముక్కిపోతాయి.

కురచ కావడం: ఉన్నిది ఒక కథ, కాటన్‌ది ఇంకో కథ

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే తప్పుడు సలహాలు పుడుతున్నాయి. ఉన్ని పోగు నున్నగా ఉండదు. పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా, ఒకదాని మీద ఒకటి వాలిన సన్నటి పొలుసులుంటాయి. తడి, వేడి, కుదుపు మూడూ కలిస్తే పోగులు ఉబ్బి, ఒకదాని పొలుసుల్లో ఇంకోటి ఇరుక్కుంటూ ఒకే దిశలో జరుగుతాయి. వెనక్కి రావాలంటే పొలుసులు అడ్డం. ప్రతి కుదుపుకూ అల్లిక ఇంకాస్త బిగుస్తుంది. చివరికి అల్లిక కన్నులు కనిపించకుండా, కంబళి ముక్కలా అట్టకడుతుంది. అట్టకట్టిన సాక్సును వెనక్కి తీసుకురావడం కుదరదు.

కాబట్టి ఉన్ని సాక్సులకు నీళ్ళు 30 డిగ్రీలు దాటకూడదు, ఉన్ని ప్రోగ్రామే పెట్టాలి. ఆ ప్రోగ్రాంలో డ్రమ్ము కొద్దిసేపు మెల్లగా తిరిగి, ఎక్కువసేపు ఆగుతుంది. సబ్బు కూడా ఉన్ని కోసం చేసినదే వాడాలి. మామూలు డిటర్జెంట్లలో మాంసకృత్తుల మరకలను విరగ్గొట్టే ఎంజైములుంటాయి. ఉన్ని కూడా మాంసకృత్తే కాబట్టి ఆ ఎంజైములు పోగునే కొరుకుతాయి. మెషిన్‌లో ఉతకదగ్గ ఉన్ని అని రాసి ఉన్న సాక్సుల పోగులకు పొలుసుల పదును తగ్గించి, మీద సన్నటి పూత వేస్తారు. అవి అంత తేలిగ్గా అట్టకట్టవు. వాటికైనా లేబుల్ మీద ఉన్న డిగ్రీలు దాటొద్దు.

చేత్తో ఉతికేటప్పుడు ఉన్ని సాక్సును రుద్దకూడదు. 5 లీటర్ల గోరువెచ్చటి నీళ్ళలో చెంచాడు ఉన్ని సబ్బు కలిపి, 10 నిమిషాలు నాననిచ్చి, అరచేతులతో మెల్లగా నొక్కి వదలాలి. జాడించే నీళ్ళు కూడా అదే వేడిలో ఉండాలి. తర్వాత మెలిపెట్టి పిండకుండా, పొడి తువ్వాలు మీద పరిచి, తువ్వాలుతో సహా చాపలా చుట్టి అరచేత్తో నొక్కండి. చుట్ట విప్పేసరికి తువ్వాలు తడిసి, సాక్సు తేలికవుతుంది. ఆరే సమయం చాలా తగ్గేది ఈ ఒక్క పనితోనే.

కాటన్ పోగుకు పొలుసులు ఉండవు. అది కురచయ్యేది వేరే కారణం వల్ల. మిల్లులో సాక్సు అల్లేటప్పుడు దారం లాగి పట్టి ఉంటుంది. తడవగానే ఆ లాగుడు వదిలి, పొడుగ్గా సాగిన కన్నులు గుండ్రంగా మారతాయి. సాక్సు పొడవు తగ్గుతుంది. మొదటి కొన్ని ఉతుకుల్లోనే ఇది చాలావరకు అయిపోతుంది. డ్రయ్యర్ వేడిలో దొర్లితే ఇంకొంచెం ముడుచుకుంటుంది. అందుకే మడమ కొలతకు సరిగ్గా బిగుతుగా ఉండే కాటన్ సాక్సు కంటే, రెండు సైజులు కుదిరేటప్పుడు పెద్ద సైజు తీసుకోవడం మంచిది. రోజువారీ కాటన్‌కు 40 డిగ్రీలు సరిపోతాయి. కాలివేళ్ళ మధ్య ఫంగస్ ఉన్నవాళ్ళ సాక్సులకు మాత్రం 30, 40 చాలవు, 60 డిగ్రీలు కావాలి. అందుకని అలాంటప్పుడు ఆ వేడిని తట్టుకునే కాటన్ సాక్సులే వాడాలి. కాస్త కురచ కావడం అక్కడ చిన్న విషయం.

నైలాన్, పాలిస్టర్ సాక్సులను మిల్లులోనే పాదం ఆకారపు అచ్చుల మీద తొడిగి ఆవిరితో ఆకారం నిలుపుతారు. ఇంట్లో ఉతికే వేడికి అవి పెద్దగా కురచ కావు. వాటి జబ్బు వేరు: సాగే దారం వేడికి చచ్చిపోయి, పట్టీ వదులై, సాక్సు చీలమండ మీదికి జారిపోతుంది. పొడవు తగ్గలేదు కదా అని వేడి పెంచితే దెబ్బ తగిలేది ఇక్కడే.

ఒక పనికొచ్చే అలవాటు చెప్పాలి. చొక్కాకు ఉన్నట్టు సాక్సుకు లోపల లేబుల్ సాధారణంగా ఉండదు. గుర్తులన్నీ జతకు చుట్టిన కాగితం పట్టీ మీదే ఉంటాయి, దాన్ని మొదటిరోజే చెత్తబుట్టలో వేసేస్తాం. పారేసేముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. తొట్టి బొమ్మలో ఉన్న అంకె గరిష్ఠ వేడి. తొట్టి కింద ఒక గీత ఉంటే మెల్లగా, రెండు ఉంటే మరీ మెల్లగా ఉతకాలి. చతురస్రంలో వలయం, దానిలో ఒక చుక్క ఉంటే డ్రయ్యర్ తక్కువ వేడిలో, రెండు చుక్కలైతే మామూలు వేడిలో. చతురస్రంలో అడ్డగీత ఉంటే పరిచి, నిలువు గీత ఉంటే వేలాడదీసి ఆరబెట్టాలి. ఎడమ పై మూలలో ఏటవాలు గీతలు కనిపిస్తే నీడలోనే.

రింగు క్లిప్పు

గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళ, మధ్యలో నక్షత్రంలా చీలికలు. రెండు సాక్సుల పట్టీలనూ కలిపి రెండు, మూడు సెంటీమీటర్లు ఆ చీలికలోంచి లాగితే జత పట్టుకుని ఉంటుంది. విప్పేసిన క్షణం నుంచి సొరుగులో పెట్టేదాకా జత విడిపోదు. జతలు వెతికే పని పూర్తిగా తప్పుతుంది, అది చిన్న మేలు కాదు. ఒకే ఇంట్లో నలుగురికీ ఒకేలాంటి నల్ల సాక్సులుంటే ఒక్కొక్కరికి ఒక్కో రంగు బిళ్ళ ఇవ్వొచ్చు.

లోపాలూ ఉన్నాయి. పట్టిన చోట బట్ట నలిగి ఉంటుంది కాబట్టి అక్కడ శుభ్రత తక్కువ, తక్కిన సాక్సు ఆరినా ఆ రెండు సెంటీమీటర్లు తడిగానే ఉంటుంది. సొరుగులో పెట్టేముందు అక్కడ తడిమి చూడాలి. స్పిన్‌లో సాక్సు బరువంతా ఆ ఒక్క చోట లాగుతుంది. పలుచటి నైలాన్ సాక్సుకు దారం లేచేది ఇందుకే, అలాంటి వాటికి వాడొద్దు. మందపాటి ఉన్ని సాక్సు చీలికలో పట్టదు, పట్టినా జారిపోతుంది. మధ్యస్థపు కాటన్ సాక్సులకే ఇది సరిగ్గా కుదురుతుంది. ఎండలో ఎక్కువకాలం ఉంటే ప్లాస్టిక్ పెళుసై పళ్ళు విరుగుతాయి, విరిగిన పన్ను బట్టను చీలుస్తుంది. అప్పుడప్పుడు వేలితో తడిమి, గరుకు తగిలిన బిళ్ళను పారేయాలి.

జాలి సంచి ఉన్నవాళ్ళకు క్లిప్పు కూడా కావాలా అంటే, అక్కర్లేదు. జతల్ని సంచిలో వేసేటప్పుడే లెక్కపెట్టుకుంటే ఆ పని జరిగిపోతుంది.

క్లిప్పుల హ్యాంగరు

నాలుగింటిలో మాకు ఎక్కువగా నచ్చినది ఇదే. కొక్కేనికి వేలాడే గుండ్రటి లేదా చదరపు చట్రం, దానికి వరసగా క్లిప్పులు. 24 క్లిప్పులుంటే 12 జతలు గజం చోటు కూడా తీసుకోకుండా ఆరతాయి. ఒక్కో సాక్సు ఒక్కో క్లిప్పుకు వేలాడుతుంది కాబట్టి జత లేనిది ఆరేస్తుండగానే తెలిసిపోతుంది. మెషిన్ తలుపు రబ్బరు వెతకాల్సిన సమయం అదే, వారం తర్వాత కాదు.

సాక్సును వేళ్ళ కొస దగ్గర పట్టి తలకిందులుగా ఆరేయండి. పట్టీ దగ్గర పట్టి ఆరేస్తే క్లిప్పు నొక్కిన చోట లాస్టిక్ నలుగుతుంది, తడి బరువుకు సాగుతుంది. మందపాటి సాక్సులకు ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. తలకిందులైతే మూతి కిందికి తెరుచుకుని గాలి లోపలికి ఆడుతుంది. ఆరేసేముందు మూతి దగ్గర పట్టి ఒక్కసారి గట్టిగా దులిపి, మడమను చేత్తో సరిచేస్తే ముడతలు ఉండవు. తిరగేసి ఉతికినవాటిని అలాగే తిరగేసి ఆరబెట్టండి, ఎండలో పైరంగు వెలవదు. సాగే దారానికి ఎండ శత్రువు, గాలి ఆడే నీడే మంచిది. పక్కపక్క సాక్సులు ఒకదానికొకటి అంటుకుంటే అంటిన చోట ఆరవు. మందపాటివి వేసినప్పుడు ఒక క్లిప్పు వదిలి ఒకటి వాడండి.

కొనేటప్పుడు చూడాల్సింది స్ప్రింగు, కొక్కెం. స్ప్రింగు తుప్పు పట్టే రకమైతే తెల్ల సాక్సు వేళ్ళ దగ్గర గోధుమరంగు గీత పడుతుంది, అది పోదు. పూర్తిగా స్టీలుదైతే ఏళ్ళకొద్దీ ఆగుతుంది, కానీ క్లిప్పు అంచు పదునుగా ఉందేమో గోటితో చూడాలి. ప్లాస్టిక్‌దైతే ఎండలో వదిలేయకూడదు. కొక్కెం పైన మూసుకునే లాకు ఉండాలి, లేకపోతే గాలికి హ్యాంగరు మొత్తం కిందపడి ఉతికిన 12 జతలూ మట్టిపాలవుతాయి.

పాదం చట్రాలు

కర్రతోనో, ప్లాస్టిక్‌తోనో, తీగతోనో చేసిన పాదం ఆకారపు చట్రాలివి. తడి సాక్సు తొడిగితే ఆ ఆకారంలోనే ఆరుతుంది. చేత్తో అల్లిన ఉన్ని సాక్సులున్న ఇంటికి తప్ప మరెవరికీ అక్కర్లేదు. తీసుకుంటే సాక్సు కంటే పెద్ద సైజు వద్దు, సాగిన చోట అల్లిక అలాగే నిలిచిపోతుంది. పాలిష్ లేని కర్ర తడికి మరక దించుతుంది.

డ్రయ్యర్‌లో వేసేవాళ్ళకు

ఉన్ని సాక్సులు వేయకండి. కాటన్, నైలాన్‌కు తక్కువ వేడి పెట్టి, పట్టీ దగ్గర ఇంకా కాస్త తడి ఉండగానే తీసి ఆరేయండి. ఎముకలా ఎండేదాకా తిప్పితే కురచ కావడం, సాగే దారం దెబ్బతినడం రెండూ జరిగేది ఆ చివరి నిమిషాల్లోనే. ఉతికిన సంచితోనే డ్రయ్యర్‌లో వేస్తే మధ్యలో ఉన్న సాక్సులు తడిగా మిగులుతాయి, బయటివి అతిగా ఎండుతాయి. విడిగా వేయడమే మంచిది. ఇక పోవడం గురించి: డ్రయ్యర్‌లో పాలిస్టర్ దుప్పటికి సాక్సు స్థిర విద్యుత్తుతో అంటుకుపోతుంది. దుప్పటి మడిచేముందు రెండువైపులా దులపండి.

ఇప్పటికే కురచైన సాక్సు చేతిలో ఉంటే, ముందు వెలుతురుకు పట్టి రెండు చేతులతో మెల్లగా సాగదీసి చూడండి. అల్లిక కన్నులు విడివిడిగా కనిపిస్తూ, సందుల్లోంచి వెలుతురు వస్తే ఆశ ఉంది. గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం జుట్టు కండిషనర్ కలిపి 20 నుంచి 30 నిమిషాలు నానబెట్టండి. అది పోగులు ఒకదాని మీద ఒకటి జారేలా చేస్తుంది, అంతకుమించి మహిమ ఏమీ లేదు. తువ్వాలులో చుట్టి నీళ్ళు నొక్కేసి, పొడవునా కొంచెం కొంచెంగా లాగి, పరిచి ఆరబెట్టండి. కాటన్ అయితే చాలావరకు వెనక్కి వస్తుంది, అట్టకట్టని ఉన్ని కొంతవరకు వస్తుంది. కన్నులు కనిపించకుండా, బట్ట మందంగా, సాగదీస్తే సాగకుండా ఉంటే అది అట్టకట్టేసినట్టే. దాన్ని నానబెట్టి సమయం పోగొట్టుకోకండి. మడమ దాకా కత్తిరిస్తే అంచు ఊడకుండా నిలుస్తుంది, బూట్ల లోపల అడుగున వేసుకోవడానికి బాగుంటుంది.